దాటే చోటు

పాకాల నుంచి దామలచెరువు పోయే దారిలో
రైలుకట్ట పక్కన
ఇంకా వేలాడతానే ఉంది ఆ ఇనుప ఉయ్యాల.
పైన మా పదకొండు వేల వోల్టుల తీగలు మూడు.
కింద ఏమీ లేదు.
గాలి, నాలుగు కంపచెట్లు, ఒక కాలిబాట.

"పీకేయండి దాన్ని, దేనికి కాపలా?"
అన్నాడు కొత్తగా వచ్చిన ఏఈ సారు.
పుస్తకం తెరిచినాను.
పెన్ను కదల్లేదు.

అప్పట్లో నేను హెల్పర్ని, నిచ్చెన మోసేవాణ్ణి.
కింద తంతితీగలు ఎనిమిది,
తెల్ల పింగాణీ కప్పుల మీద
పిచ్చుకలకు పీటలేసినట్టు.
వాటికి పెద్దదిక్కు చెంగల్రాయులు మేస్త్రి,
కాకీ నిక్కరు, చెవి మీద ఆరిపోయిన సగం బీడీ.
మా తీగ ఆయన తీగను దాటాలంటే
ఆయన తలూపాల.

టేపు తర్వాత. ముందు కన్ను.
ఒక కన్ను మూసి, కట్ట మీద నిలబడి అనేవాడు:

"మూలమట్టం పెట్టినట్టు దాటండ్రా.
ఏటవాలుగా వస్తే ఒప్పుకోను.
పక్కపక్కనే నడిస్తే అసలే ఒప్పుకోను.
మైలు దూరం జంటగా పోయినాయంటే
మీ గుయ్యిమనే సద్దు మా మాటల్లోకి దిగతాది.
ఎవురి చావు కబురో పోతా ఉంటాది,
దాంట్లో మీ రాగమెందుకు నాయినా?

దాటే స్పానులో అతుకుండకూడదు.
ముడులేసుకునేది ఉంటే అవతల ఏసుకోండి,
మా నెత్తిన కాదు.

మీరు పైన, మేము కింద.
దాంట్లో మానం పోయేదేమీ లేదు.
పైన పోయేది చంపతాది, కింద పోయేది చెప్తాది.
తెగితే పైది కిందికొస్తాది గానీ
కిందిది ఎగిరి పైకి పోదు గదా.
అందుకే నడాన ఉయ్యాల.
ఉయ్యాలను నేలకు కట్టండి.
నేలకు కట్టని కాపలా
కుక్క లేని గొలుసు."

గుంత తవ్వింది నేనే.
బొగ్గొక వరస, ఉప్పొక వరస.
ఉప్పు తింటా ఉండావా అని నన్ను ఎగతాళి చేసి
పోతా పోతా వెనక్కి తిరిగి చెప్పినాడు:
"ఎండాకాలం నెలకు రెండు బిందెలు పొయ్యి.
భూమి గొంతు ఎండితే
కరెంటును మింగలేదు."

ఆ ఏడు మామిడికాయలు కోతకొచ్చిన దినాలు.
రాత్రి పది దాటినాక గాలి లేచింది.
తోటల్లో తోతాపురి కాయలు
రాళ్ళు కురిసినట్టు దబదబ రాలతా ఉంటే
సరిగ్గా దాటే చోటే తెగింది మా తీగ.
తెగి, ఉయ్యాల్లో పడింది.
నీలంగా ఒక్క మెరుపు.
సబ్‌స్టేషన్లో స్విచ్చి తనంతట తానే పడిపోయింది.
ఊరంతా చీకటి.

ఆ సమయానికి స్టేషను తంతిగదిలో
మీట మీద వేలు పెట్టుకుని ఉన్నాడు గురునాథం.
ఏ పెండ్లి వాయిదా పడిందో, ఏ లారీ రాదో,
టకటకా కొడతానే ఉన్నాడు.
లైట్లు పోతే తిట్టుకుని లాంతరు ముట్టించుకున్నాడు.
తెల్లారి అదే వేలితో
టీ గ్లాసు అంచు తుడుచుకుంటా
"రాత్రి మీ కరెంటోళ్ళు నిద్రపోయినారా?" అన్నాడు నాతో.

మా రిజిస్టర్లో ఇట్లా రాసినారు:
సరఫరా అంతరాయం, గంటా నలభై నిమిషాలు.
ఆ వేలు సంగతి ఏ గడిలోనూ రాయలేదు.
దానికి గడి లేదు.

తర్వాత తంతితీగలు పోయినాయి,
చుట్టలు చుట్టి తూకానికి.
పింగాణీ కప్పొకటి మా ఇంట్లో ఉంది,
దాంట్లో మా ఆడామె సూదులు వేసుకుంటాది.
చెంగల్రాయులు పుత్తూరు చేరినాడన్నారు.
ఆ మీద ఏ కబురూ లేదు.

సారు జీపులో హారను కొడతా ఉన్నాడు.
అప్పుడే కట్ట దిగింది ఒకామె,
నెత్తిన గడ్డిమోపు, ముందర రెండు మేకలు.
ఉయ్యాల కిందుగా నడిచిపోయింది,
పైకి చూడకుండా.
పైకి ఎందుకు చూడాల ఆమె?

పుస్తకంలో రాసినాను:
కింద బాట ఉంది. తీయరాదు.
సారు చదివి, నా ముఖం చూసి,
ఏమీ అనకుండా సంతకం పెట్టినాడు.

సాయంత్రం సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని
ఒక్కణ్ణే పోయినాను.
పదేండ్లుగా ఎవరూ పొయ్యని గుంత.
మొదటి బిందె అట్లాగే నిలబడిపోయింది కాసేపు.
రెండోది వంచతా ఉంటే
లోపల ఎక్కడో
గుటక.